కోడి పోతే కొక్కెరేనా?

2025 మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. జ్వరంతో మొదలై ఆయాసం, ఫిట్స్ దాకా వెళ్లింది. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ నమూనాలు పరీక్షించి, అది కోళ్లకు వచ్చే బర్డ్‌ఫ్లూ అని, హెచ్‌5ఎన్‌1 రకం వైరస్ అని తేల్చింది. ఆ సంగతి బయటికొచ్చేసరికి పాప లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ జబ్బుతో మనిషి చనిపోవడం అదే మొదలు. దేశంలో అంతకుముందు 2021 జూలైలో హర్యానాకు చెందిన ఒక బాలుడు ఢిల్లీ ఎయిమ్స్‌లో ఇదే జబ్బుతో పోయాడు.

ఇంట్లో కోడికూర కోసి కడుగుతున్నప్పుడు పాప అడిగితే చేతికి ఒక పచ్చి ముక్క ఇచ్చారని, వండిన కూర తిన్న మిగతావాళ్లకు ఏమీ కాలేదని పత్రికల్లో వచ్చింది. ఆ వార్త చదివి చాలామంది అన్నమాట ఒక్కటే: "ఎంత పని చేసింది ఆ తల్లి!" ఈ మాట దగ్గరే మనం కాస్త ఆగాలి. కూర కడుగుతుంటే కొంగు పట్టుకుని వేలాడే పసిపిల్ల చేతికి ఏదో ఒకటి ఇవ్వని తల్లి ఏ ఇంట్లో ఉంది? ఉల్లిపాయ ముక్కో, కొబ్బరి ముక్కో ఇచ్చి పని చేసుకుంటాం. ఆ రోజు ఆ ఇంట్లో అది కోడికూర ముక్క అయింది. పచ్చి మాంసం పసివాళ్ల నోటికి తగలకూడదని ఆ వీధిలో ఏ తల్లికైనా అంతకుముందు ఎవరైనా వచ్చి చెప్పారా? అడగవలసిన మాట అది.

నిజానికి చెప్పడానికి అప్పుడు కావలసినంత సందర్భం ఉంది. 2025 ఫిబ్రవరిలోనే తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ, పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరులోనూ కోళ్లఫారాల్లో బర్డ్‌ఫ్లూ బయటపడింది. మన తెలంగాణలో యాదాద్రి భువనగిరి జిల్లా చౌటుప్పల్ మండలం నేలపట్లలో, తర్వాత రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర కూడా కనబడింది. పదేళ్ల కిందట 2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో వచ్చిందీ ఇదే. అంటే మనకిది కొత్త కాదు. కానీ ఆ రోజుల్లో పేపర్లు తిరగేస్తే ఏం కనబడుతుంది? చికెన్ ధర ఎంత పడింది, సరిహద్దు చెక్‌పోస్టుల్లో కోళ్ల లారీలు ఎన్ని ఆపారు, ఫారాల యజమానులకు నష్టం ఎంత... ఇవే. అవీ కావలసిన సంగతులే. కానీ కత్తిపీట ముందు కూర్చునే మనిషితో, కోళ్లగూడు ఊడ్చే మనిషితో ఎవరూ మాట్లాడలేదు. రోగం ఫారం గేటు దాకానే వస్తుందనుకున్నారు.

పెరటి కోడి ఎవరి లెక్కలోకి వస్తుంది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెల్లో ఏ వాకిట్లో చూసినా నాలుగు కోళ్లుంటాయి. పొద్దున్నే గంప ఎత్తి వదిలేది ఆడమనిషి. నూకలు చల్లేది ఆమె. పొదిగేయడానికి గుడ్లు ఏరిపెట్టేది ఆమె. పిల్లల్ని గద్ద ఎత్తుకుపోకుండా ఒక కన్నేసి ఉంచేది కూడా ఆమే. బీడీలు చేసే ఇంట్లో అయితే చాట ఒళ్లో పెట్టుకుని ఆకు చుడుతుంటే కాళ్ల దగ్గరే కోళ్లు కెలుకుతుంటాయి, పక్కనే పసిబిడ్డ పాకుతుంటుంది. పోచమ్మకు మొక్కయినా, చుట్టమొచ్చినా, ఇంట్లో పైసలకు కటకటగా ఉండి అంగడికి పంపాలన్నా ఆ నాలుగు కోళ్లే దిక్కు. వాటి మీద వచ్చే డబ్బు చాలా ఇళ్లలో ఆమె చేతి కింద ఉండే ఒకే ఒక్క డబ్బు.

మొగుడు దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉన్న ఇళ్లు మన దగ్గర వీధికి నాలుగుంటాయి. అక్కడ కోడి తిన్నదా లేదా అన్నది చూసేదీ ఆమే, పిల్లకు జ్వరమొస్తే ఏ డాక్టరు దగ్గరికి పోవాలో తేల్చుకునేదీ ఆమే. కాబట్టి పక్షుల నుంచి మనుషులకు జబ్బు వచ్చే దారిలో మొట్టమొదటి సాక్షి ఎవరు అంటే ఈ గృహిణే. నిన్నటి దాకా కూసిన పుంజు ఇవ్వాళ రెక్కలు వాల్చిందని డాక్టరుకంటే ముందు, అధికారికంటే ముందు తెలిసేది ఆమెకు. కానీ ఆమెకు తెలిసింది ఎక్కడికి పోతుంది? పక్కింటి గోడ దాకా పోతుంది. "ఏమైందో ఏమో వదినా, రాత్రికి రాత్రి నాలుగు కోళ్లు పోయినయ్" అంటుంది. "మా దగ్గర గూడ గట్లనే అయినయ్, కొక్కెర వచ్చినట్టుంది" అని అటునుంచి జవాబొస్తుంది. అక్కడితో ఆ కబురు ఆగిపోతుంది.

పేరు పెట్టగానే అడగడం ఆపేస్తాం

కొక్కెర అనేది మన అమ్మమ్మల నాటి మాట. పశువుల డాక్టర్లు రాణిఖేత్ అనే జబ్బు అది. కోడి మెడ తిప్పుతుంది, కాళ్లు చచ్చుబడతాయి, పచ్చగా విరేచనాలవుతాయి, మందకు మంద పోతుంది. అది మనుషుల ప్రాణం మీదికి తేదు. ఆ కోళ్లను పట్టుకున్నవాళ్లకు కళ్లు ఎర్రబడి నీరు కారడం మాత్రం ఉంటుంది, కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది.

చిక్కెక్కడుందంటే, బర్డ్‌ఫ్లూ వచ్చినా కోళ్లు అలాగే పోతాయి. ఉన్నట్టుండి చావడం, తల, కళ్ల చుట్టూ వాయడం, జుట్టూ, గడ్డం కింద వేలాడే తోలూ నీలంగా నల్లగా మారడం, కాళ్ల మీద ఎర్రటి మచ్చలు, గుడ్లు తగ్గిపోవడం, పెంకు మెత్తగా ఉండే గుడ్లు పెట్టడం. వీటిలో కొన్ని కొక్కెరలోనూ కనబడతాయి. బాతులైతే వైరస్ లోపలున్నా పైకి బాగానే తిరగొచ్చు. ఏది ఏదో కళ్లతో చూసి చెప్పడం ముప్పై ఏళ్లు కోళ్లను పెంచిన ముసలవ్వ వల్ల కాదు, పశువుల డాక్టరు వల్లా కాదు. చచ్చిన కోడి నుంచి నమూనా తీసి భోపాల్‌లో ఉన్న జాతీయ ప్రయోగశాలకు పంపితే అక్కడ తేలుతుంది. మనం గోడ మీదుగా "కొక్కెర" అనుకున్నామంటే ఆ నమూనా ఎన్నడూ భోపాల్ పోదు.

దీనికి ఒక చిన్న ఉపాయముంది. కొక్కెరకు టీకా ఉంది. పశువుల ఆసుపత్రిలో అడిగితే ఎప్పుడెప్పుడు వేయించాలో చెబుతారు. నాటుకోళ్లకు టీకా ఏమిటని నవ్వేవాళ్లుంటారు. అయినా వేయించాలి. టీకా పడ్డ మంద కూడా ఒక్కసారిగా చచ్చిపోతోందంటే, "కొక్కెరలే" అని సరిపెట్టుకునే వీలుండదు. కోళ్లు బతకడం ఒక లాభమైతే, అసలైన ప్రమాదం వచ్చినప్పుడు అది చాటున దాక్కోలేకపోవడం ఇంకో లాభం.

మరొక అలవాటు గురించీ చెప్పుకోవాలి. కోడి తూలుతోందంటే "చచ్చేలోపల కోసేస్తే కూరన్నా దక్కుతుంది" అనుకుంటాం. పేదింట్లో ఆ మాట అనడం తప్పు కాదు, నాలుగైదు వందల రూపాయల కోడి కళ్లముందు మట్టిలో కలిసిపోతుంటే మనసొప్పదు. కానీ ఈ రోగంలో అతి ప్రమాదమైన గడియ అదే. వైరస్ కోడి ఉమ్మిలో, రెట్టలో, రక్తంలో, పేగుల్లో నిండి ఉంటుంది. కోసేటప్పుడు, ఈకలు పీకేటప్పుడు, పేగులు తీసేటప్పుడు అది మన చేతులకూ, ముక్కులకూ, కళ్లకూ చేరుతుంది. బాగా ఉడికిన కూరలో వైరస్ బతకదు, 70 డిగ్రీల వేడికి చస్తుంది. అంటే తినేవాడికన్నా కోసి కడిగే మనిషికి ముప్పు ఎక్కువ. మన ఇళ్లలో ఆ మనిషి ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

మన దగ్గర దగ్గుకు పేర్లెక్కువ

ఇంకో పక్క మనుషుల సంగతి చూద్దాం. సిరిసిల్లలో మరమగ్గం కార్మికుడు దగ్గుతూ డాక్టరు దగ్గరికి పోతే నూలు దుమ్ము అంటారు. కోరుట్లలో, జగిత్యాలలో బీడీలు చేసే ఆమె దగ్గితే పొగాకు దుమ్ము అంటారు. అదీ కాదంటే టీబీ అని తెమడ పరీక్షకు పంపుతారు. ఈ మాటలన్నీ నిజమే, ఆ జబ్బులు నిజంగా మన ఊళ్లలో ఉన్నాయి. కానీ దగ్గుకు ముందే నాలుగు పేర్లు సిద్ధంగా ఉన్నచోట ఐదో పేరు ఎవరికీ తట్టదు. "ఇంట్లో కోళ్లున్నయా? పావురాలున్నయా? ఈ పది రోజులలో ఏమన్న చచ్చినయా?" అని అడిగే డాక్టరు అరుదు. అడగలేదు కాబట్టి మనమూ చెప్పం. కోళ్లకూ, నా జ్వరానికీ ఏం సంబంధమని మనం అనుకుంటాం.

సంబంధం ఎంత ఉందో ప్రపంచం చాలాసార్లు చూసింది. 1997లో హాంకాంగ్‌లో మొదటిసారి ఈ హెచ్‌5ఎన్‌1 కోళ్ల నుంచి మనుషులకు పాకింది. 18 మందికి వస్తే 6 మంది పోయారు. 2003 నుంచి లెక్కేస్తే ప్రపంచమంతా కలిపి తొమ్మిది వందలకు పైగా కేసులు ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందాయి, వాళ్లలో దాదాపు సగం మంది చనిపోయారు. మన దేశంలో కోళ్లలో ఇది మొదట బయటపడింది 2006లో, మహారాష్ట్రలోని నవాపూర్‌లో. 2023 నుంచి కంబోడియా పల్లెల్లో వరసగా పిల్లలకూ, పెద్దలకూ వస్తోంది. అక్కడివీ మన లాంటి వాకిళ్లే, మన లాంటి నాటుకోళ్లే. అమెరికాలో 2025 జనవరిలో లూసియానా రాష్ట్రంలో చనిపోయిన మనిషి కూడా పెరట్లో కోళ్లు పెంచుకున్న మనిషే. 2024లో పశ్చిమ బెంగాల్‌లో నాలుగేళ్ల పిల్లవాడికి వచ్చింది హెచ్‌9ఎన్‌2 అనే ఇంకో రకం. ఆ పిల్లవాడి ఇంటి దగ్గరా కోళ్లున్నాయి. అదృష్టవశాత్తూ వాడు బతికాడు.

ఇదంతా చదివి గుండెలు బాదుకోవలసిన పని లేదు. ఇన్ని కోట్ల మంది కోళ్ల మధ్య బతుకుతుంటే ఈ జబ్బు వచ్చేది బహు కొద్దిమందికి. మనిషి నుంచి మనిషికి ఇప్పటిదాకా సులువుగా పాకడం లేదు. కానీ వచ్చిన కొద్దిమందిలో సగం మంది పోతున్నారు. అది ఎప్పుడు మనుషుల్లో పాకడం నేర్చుకుంటుందోనని ప్రపంచమంతా కళ్లు విప్పి చూస్తోంది. ఆ చూపు మొదలవ్వాల్సింది కోళ్లగంప దగ్గర.

పక్షుల జబ్బు అంటే బర్డ్‌ఫ్లూ ఒక్కటే కాదు. చిలకల నుంచి వచ్చే జ్వరం ఒకటుంది. రామచిలుకలు, లవ్‌బర్డ్స్, పావురాల ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే అందులోని సూక్ష్మజీవి ఊపిరితిత్తుల్లో చేరి న్యుమోనియా తెస్తుంది. 1929-30లో అనేక దేశాల్లో ఇది ప్రబలింది. 2024లో యూరప్‌లోని ఐదు దేశాల్లో ఈ కేసులు ఉన్నట్టుండి పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. దీనికి తగిన మందులున్నాయి, తక్కువ ఖర్చులో తగ్గుతుంది. కానీ ఇంట్లో చిలక ఉందని డాక్టరుకు చెబితేనే ఆ మందు గుర్తుకొస్తుంది. మన రామచిలుకను పంజరంలో పెట్టడం వన్యప్రాణి చట్టం కింద నేరమన్నది అటుంచి, ఆ పంజరం వంటింటి కిటికీకి వేలాడదీయడం ఆరోగ్యానికీ మంచిది కాదు.

పావురాల సంగతీ అంతే. మగ్గాల షెడ్డు రేకుల కిందో, పాత ఇంటి అటక మీదో ఏళ్ల తరబడి పేరుకున్న రెట్టలో ఒక రకం బూజు పెరుగుతుంది. ఒంట్లో సత్తువ లేనివాళ్లకు, ఇంకేదైనా పెద్ద జబ్బుకు మందులు వాడేవాళ్లకు అది మెదడుపొరల దాకా వెళ్లొచ్చు. ఆ దుమ్మునే రోజూ పీల్చేవాళ్లకు క్రిములేవీ లేకుండానే ఊపిరితిత్తులు గట్టిపడి, ఆయాసం శాశ్వతంగా మిగలొచ్చు. 2025లో ముంబైలో పావురాలకు గింజలు వేసే చోట్ల మీద హైకోర్టు దాకా గొడవ జరిగింది ఇందుకే. ఇక వరి పొలాల్లో వాలే కొంగల నుంచి పందులకూ, పందుల నుంచి దోమల ద్వారా పిల్లలకూ వచ్చే మెదడువాపు జ్వరం మన రాష్ట్రానికి పాత శత్రువే. అక్కడ కొంగల జోలికి పోనక్కర్లేదు, దోమ కుట్టకుండా, ఇళ్ల నడుమ పందులు తిరగకుండా చూసుకోవాలి. టీకా కూడా ఉంది.

చెబితే మనకేమొస్తుంది?

ఇన్ని తెలిసినా మనం ఎందుకు చెప్పం? అమాయకత్వం ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. లెక్క తెలిసే చెప్పం. "సర్కారోళ్లకు చెప్తే ఉన్న కోళ్లన్నీ పట్టుకపోయి చంపుతరు, ఊరంతా మనల్ని తిడతది" అని భయం. "అంగడికి పంపితే పైసలన్నా వస్తయి" అని ఆశ. ఫోను చేస్తే గల్ఫ్ నుంచి మొగుడు చెప్పే సలహా కూడా తరచూ అదే. పైగా ఊళ్లో రోగం మొదలైంది ఫలానా వాళ్లింట్లోనే అన్న పేరు పడితే, ఆ నింద మోసేది చివరికి కోడలే.

ఈ భయాల్లో కొంత నిజముంది, కొంత లేదు. ఒక ఊరిలో బర్డ్‌ఫ్లూ అని ప్రయోగశాల తేల్చాకే చుట్టూ ఒక కిలోమీటరు లోపల కోళ్లను చంపిస్తారు. పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. కబురు చెప్పినంత మాత్రాన కోళ్లను పట్టుకుపోరు. నమూనా తీసుకుపోతారు, అంతే. ఎక్కువసార్లు అది కొక్కెర అనో, ఇంకో రోగమనో తేలుతుంది. అప్పుడు మిగిలిన కోళ్లకు మందో టీకానో దొరుకుతుంది. ఒకవేళ బర్డ్‌ఫ్లూ అనే తేలితే, అధికారులు చంపించిన కోళ్లకు కేంద్రం సగం, రాష్ట్రం సగం కలిపి పరిహారమిస్తాయి. ఇక్కడొక మెలిక గుర్తుపెట్టుకోవాలి. పరిహారం చంపించిన కోళ్లకే, ముందే చచ్చిపోయిన వాటికి రాదు. దాచిపెట్టి ఆలస్యం చేసినకొద్దీ చచ్చేవి పెరుగుతాయి, పరిహారం తగ్గుతుంది. తొందరగా చెప్పినవాళ్లకే నాలుగు రూపాయలు ఎక్కువ.

చట్టం కూడా ఉంది. పశువుల అంటువ్యాధుల నివారణకు 2009లో వచ్చిన చట్టం ప్రకారం, తన దగ్గరున్న జీవాలకు పెద్ద అంటురోగమేదో వచ్చిందని అనుమానం కలిగితే యజమాని గ్రామాధికారికో, పంచాయతీకో చెప్పాలి. వాళ్లు పశువుల డాక్టరుకు తెలపాలి. అనుమానం చాలు, రుజువు మనం తేనక్కర్లేదు. ఆ మాట మనందరికీ ధైర్యమివ్వాలి. "ఏమీ కాకుంటే నవ్వుతరేమో" అన్న సిగ్గు అక్కర్లేదు.

ఇక అంగడి సంగతి. జబ్బు కోడిని అంగడికి పంపితే మన వాకిట్లో నష్టం పోయినట్టే ఉంటుంది. కానీ నాలుగూళ్ల కోళ్లు ఒకే గంపలో కూర్చునేది అంగడిలోనే. మన దగ్గర ఒక వాకిట్లో ఆగిపోవలసింది పది ఊళ్లకు పోతుంది. ఆ కోడి మన చెల్లెలింటి కూరకే పోదని ఎవరు చెప్పగలరు?

ఎవరికి చెప్పాలి, ఏం చెప్పాలి?

ఒకటికి రెండు కోళ్లు ఒకట్రెండు రోజుల్లో ఉన్నట్టుండి చచ్చినా, కాకులో కొంగలో గుంపుగా పడి ఉన్నా ముట్టుకోవద్దు. పిల్లల్ని అటు పోనివ్వొద్దు. ఊరి పశువుల ఆసుపత్రికో, పంచాయతీకో కబురు పెట్టాలి. పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోను చేయొచ్చు. వాళ్లు వచ్చేదాకా మిగిలిన కోళ్లను బయట వదలకుండా గంప కిందే ఉంచాలి. తప్పనిసరై చచ్చినదాన్ని తీయాల్సి వస్తే చేతులకు ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని, ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకుని తీయాలి. చెరువులోనో, చెత్తకుప్ప మీదో పారేయకూడదు. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పాతాలి. తర్వాత చేతులు సబ్బుతో రుద్ది కడగాలి, కట్టుకున్న బట్టలు ఉతకాలి.

ఆ తర్వాత పది రోజులు ఇంట్లో అందరి ఒంటి మీదా ఓ కన్నేసి ఉంచాలి. జ్వరం, గొంతునొప్పి, దగ్గు, ఆయాసం, కళ్లు ఎర్రబడడం, పసివాళ్లయితే పాలు మానేయడం, మగతగా పడి ఉండడం, ఫిట్స్. వీటిలో ఏది కనబడినా మెడికల్ షాపులో రెండు గోలీలు అడిగి తెచ్చుకుని ఊరుకోవద్దు. ఆశ కార్యకర్తకో, నర్సమ్మకో చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. అక్కడ డాక్టరు అడిగేదాకా ఆగకుండా నోరు తెరిచి చెప్పాల్సిన మాట ఒకటుంది: "సార్, మా ఇంట్లో ఈ వారంల కోళ్లు సచ్చిపోయినయ్. నేనే తీసిన." ఈ ఒక్క వాక్యం రక్త పరీక్షల కన్నా ముందు పనిచేస్తుంది. ఫ్లూ మందు మొదటి రెండు రోజుల్లో పడితేనే బాగా పనిచేస్తుంది కాబట్టి ఆ రెండు రోజులు మన చేతుల్లో ఉన్నాయి. గొంతు నుంచి నమూనా తీసి పంపాల్సింది కూడా అప్పుడే.

రోజువారీ జాగ్రత్తలు కొత్తవేం కాదు. కోళ్లగూడు, పావురాల రెట్ట పొడిగా ఊడ్వకుండా నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని తీయాలి. కూర కోసిన కత్తి, పీట కడగకుండా దాని మీదే ఉల్లిపాయలు, టమాటాలు కోయకూడదు. కూర ఎముక దగ్గర ఎరుపు లేకుండా ఉడకాలి. గుడ్డు గట్టిపడేదాకా ఉడకాలి. పచ్చి మాంసం ఉన్న గిన్నె పసివాళ్లకు అందనంత ఎత్తులో పెట్టాలి. ఇంతే. కోడికూర మానేయమని ఎవరూ అనడం లేదు.

పెద్దలు చేయాల్సిన పని

భారమంతా ఆడవాళ్ల నెత్తిన పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. పశుసంవర్ధక శాఖ ఒక పక్క, వైద్య ఆరోగ్య శాఖ ఒక పక్క. కోడి చస్తే ఒకరికి, మనిషికి జ్వరమొస్తే ఇంకొకరికి చెప్పాలి. మన వాకిట్లో కోడీ, బిడ్డా ఒకే చోట తిరుగుతుంటే ఆఫీసుల్లో వాటికి రెండు వేర్వేరు ఫైళ్లు. ఆశ కార్యకర్త ఇంటింటికీ తిరిగి జ్వరాల లెక్క రాసుకునేటప్పుడు "ఇంట్లో కోళ్లు బాగున్నయా?" అన్న ఒక్క ప్రశ్న చేర్చితే చాలు. పశువుల డాక్టరు దగ్గరికి వచ్చిన కబురు అదే రోజు ఆరోగ్య కేంద్రానికి ఫోనులో అందితే చాలు. దీనికి కోట్లు అక్కర్లేదు.

కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. జగిత్యాలలో, సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇంత దగ్గర దగ్గరగా పశువుల డాక్టర్లూ, మనుషుల డాక్టర్లూ తయారయ్యే ప్రాంతాలు ఎన్నో లేవు. ఈ కళాశాలల పిల్లలు జంటగా పల్లెలకు వచ్చి మహిళా సంఘాల సమావేశాల్లో ఒక గంట కూర్చుంటే, చచ్చిన కోడిని ఎలా గుర్తుపట్టాలో ఫోటోలతో చూపిస్తే, అదే వారం కొక్కెర టీకాలు వేసిపోతే ఎంత బాగుంటుంది! వనరాజా, రాజశ్రీ కోడిపిల్లలను పెంచుకొమ్మని ఆడవాళ్లకు చెబుతున్నప్పుడే ఈ జాగ్రత్తల సంగతీ చెప్పాలి. పరిహారం వచ్చేటప్పుడు పెద్ద ఫారాల వాళ్ల పేర్లే కాకుండా, నాలుగు కోళ్లు పోగొట్టుకున్న ఆడమనిషి పేరు కూడా జాబితాలో ఉండాలి. ఆ డబ్బు ఆమె ఖాతాలోనే, ఏళ్లు గడవకుండా పడాలి. ఒక్కసారి ఒక్క ఊళ్లో అలా పడిందంటే, పక్క ఊళ్లో కోడి చచ్చిన రోజే కబురు వస్తుంది. వంద పోస్టర్లు చేయలేని పని అది.

2021 ఫిబ్రవరిలో మన జగిత్యాల జిల్లాలోనే ఒక పల్లెలో పందెం కోడి కాలికి కట్టిన కత్తి తగిలి దాన్ని తెచ్చిన మనిషే చనిపోతే, ఆ పుంజును పోలీస్‌స్టేషన్‌లో కట్టేసిన ఫోటో దేశదేశాల పత్రికల్లో వచ్చింది. కోడి కత్తితో చంపితే ప్రపంచమంతా తిరిగి చూసింది. అదే కోడి దగ్గర జ్వరం అంటుకుని ఒక ఆడమనిషో, పసిపిల్లో పోతే "ఏదో విషజ్వరమట" అని ఊళ్లో అనుకుని ఊరుకుంటాం. ఆ విషజ్వరానికి పేరు దొరకాలంటే ముందు ఎవరో ఒకరు నోరు విప్పాలి.

నరసరావుపేట పాప పేరు మనకు అక్కర్లేదు, ఆ తల్లిని నిలదీయడం అసలే అక్కర్లేదు. పరీక్ష జరిగింది కాబట్టి ఆ పాపకు ఏమైందో మనకు తెలిసింది. పరీక్ష జరగక, కారణం తెలియక పోయినవాళ్లు ఎందరున్నారో ఏ లెక్కలోనూ లేదు. ఈసారి గోడ అవతల నుంచి "నాలుగు కోళ్లు పోయినయ్ వదినా" అన్న మాట వినబడితే, "కొక్కెరలే" అనకండి. "డాక్టరుకు చెప్పినవా? పిల్లలెట్లున్నరు?" అని అడగండి.